ఒకే కొండ, ముప్పై బొమ్మలు: నీటిరంగులు మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

"ఏ రంగుల పెట్టె కొనాలండీ?" కొత్తగా కుంచె పట్టాలనుకునేవారు నన్ను మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. రెండు నెలలు గడిచాక అదే మనిషి మళ్ళీ వచ్చి, "బొమ్మలన్నీ బురదబురదగా వస్తున్నాయి. ఇంకా ఖరీదైన రంగులు కొంటే బాగుపడతాయా?" అంటారు. బాగుపడవు. నీటిరంగుల బొమ్మ చెడితే తప్పు చాలావరకు నీళ్ళదే, రంగులది కాదు.

అందుకే ఈ మార్గదర్శిలో వరుస వేరు. ముందు నీళ్ళు, తరవాత వెలుగునీడలు, ఆ తరవాత గీత, అన్నిటికంటే చివర రంగు. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. రోజుకో కొత్త దృశ్యం వేయవద్దు. ఒక్కదాన్నే పట్టుకోండి. విశాఖలో ఉన్నవారికి దాన్ని వెతుక్కునే శ్రమ కూడా లేదు. రామకృష్ణ బీచ్‌లో నిలబడి నైరుతి వైపు చూస్తే సముద్రంలోకి చొచ్చుకుపోయిన యారాడ కొండ కనిపిస్తుంది. డాల్ఫిన్స్ నోస్ అని అందరూ పిలిచేది దాన్నే. మూడు నెలలపాటు మీ గురువు అదే.

రోజుకు నలభై నిమిషాలు, ఆదివారం రెండు గంటలు కేటాయించగలరనుకుని ఇది రాస్తున్నాను. అంతకన్నా తక్కువైనా ఫరవాలేదు కానీ, వారమంతా మానేసి ఆదివారం ఐదు గంటలు కూర్చుంటే చేయి తిరగదు.

1. సామాన్లు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగల్చాలి

డబ్బు కాగితం మీద పెట్టండి. మామూలు డ్రాయింగ్ పుస్తకం కాగితం నీరు తగలగానే వేయించిన అప్పడంలా వంకర తిరుగుతుంది. గుంటల్లో నీళ్ళు నిలిచి పూత ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఆరుతుంది. తప్పు మీ చేతిదనుకుంటారు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) మందం ఉన్న, పైభాగం కొద్దిగా గరుకుగా ఉండే నీటిరంగుల కాగితం తీసుకోండి. నూరు శాతం పత్తితో చేసిన కాగితం అన్నిటికన్నా మంచిది, ఖరీదూ ఎక్కువే. కాబట్టి కసరత్తులకు మామూలు గుజ్జు కాగితం, ఆదివారం బొమ్మకు పత్తి కాగితం అని విడదీసుకోండి. పెద్ద షీట్ కొని ఇంట్లో కోసుకుంటే విడి పుస్తకం కన్నా చవక పడుతుంది.

రంగులు ఆరు చాలు: లెమన్ ఎల్లో, కొంచెం నారింజ వైపు మొగ్గే ఇంకో పసుపు (ముందుముందు వెచ్చటి పసుపు అనేది దీన్నే), క్రిమ్సన్ (ముదురు ఎరుపు), అల్ట్రామెరైన్ నీలం, థాలో నీలం, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి మట్టిగోధుమ రంగు). ఇరవైనాలుగు రంగుల పెట్టె కొంటే ఏ రంగు ఎందుకు వాడాలో తెలియక, కలపడం నేర్చుకోకుండానే ఏడాది గడిచిపోతుంది. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో రంగుపొడి గుర్తు ఉంటుంది. అల్ట్రామెరైన్‌కు పీబీ 29, బర్న్ట్ సియెన్నాకు తరచుగా పీబీఆర్ 7. ఒకే గుర్తు ఉంటే ఆ ట్యూబులో ఒకే రంగుపొడి ఉందని అర్థం. మూడు గుర్తులుంటే అది అప్పటికే కలిపిన రంగు, దాన్ని ఇంకో దానితో కలిపితే మసకబారే అవకాశం ఎక్కువ. క్రిమ్సన్ కొనేటప్పుడు పీఆర్ 83 అని ఉంటే వదిలేయండి. అది వెలుతురుకు వెలిసిపోతుంది.

నల్లరంగు కొనవద్దు. తెల్లరంగూ వద్దు. నీటిరంగుల్లో తెలుపు అంటే రంగు వేయకుండా వదిలిన కాగితమే.

కుంచెలు మూడు: గుండ్రటివి 4, 8 నంబర్లు, అంగుళం వెడల్పు పలక కుంచె ఒకటి. నైలాన్ కుంచెలు మొదట్లో సరిపోతాయి. తడిపి విదిలిస్తే మొన సూదిలా కూడుకోవాలి. దుకాణంలో గ్లాసు నీళ్ళడిగి చూసుకోండి, మొహమాటపడవద్దు.

మిగతాదంతా ఇంట్లో ఉంటుంది:

– తెల్ల పింగాణీ పళ్ళెం (ప్లాస్టిక్ ప్యాలెట్ మీద రంగు బొట్లుబొట్లుగా విడిపోతుంది)
– రెండు నీళ్ళ డబ్బాలు: ఒకటి కుంచె కడగడానికి, ఒకటి శుభ్రమైన నీటికి
– పాత నూలు గుడ్డ; చాలాసార్లు ఉతికిన పంచె ముక్క అయితే మరీ మంచిది
– కాగితం అంటించడానికి గట్టి అట్ట లేదా ప్లైవుడ్ ముక్క, మాస్కింగ్ టేపు
– 2బీ పెన్సిల్, మెత్తటి రబ్బరు

2. విశాఖ తేమతో వేగడం

వేరే ఊళ్ళ వాళ్ళు తీసిన వీడియోలు చూసి నేర్చుకునేవారు ఇక్కడ దెబ్బతింటారు. "రెండు నిమిషాలు ఆగి రెండో పూత వేయండి" అని వాళ్ళంటారు. మన ఊళ్ళో ఆగస్టు సాయంత్రం ఆ పూత ఇరవై నిమిషాలకూ ఆరకపోవచ్చు. గడియారాన్ని నమ్మవద్దు. వేళ్ళ వెనకభాగం కాగితానికి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

ఏప్రిల్, మే నెలల్లో బయట కథ తిరగబడుతుంది. ఎండలో పెట్టిన అట్ట మీద పూత మధ్యలోకి వచ్చేసరికి మొదలు ఆరిపోతుంది. నీడలో కూర్చోండి, కాగితాన్ని ముందే తడపండి.

కాగితం సంగతి మరీ ముఖ్యం. నీటిరంగుల కాగితానికి తయారీలోనే ఒక రకం జిగురు పట్టిస్తారు. రంగు లోపలికి ఇంకిపోకుండా పైన నిలబెట్టేది అదే. నెలల తరబడి తేమ తగిలితే ఆ జిగురు చెడిపోతుంది. చూడటానికి కాగితం బాగానే ఉంటుంది. పూత వేసినప్పుడే ముదురు మచ్చలు మచ్చలుగా పీల్చుకుంటుంది. సముద్రానికి దగ్గర్లో ఉన్న మా ఇంట్లో రెండు వర్షాకాలాలు బీరువా అడుగున ఉంచిన మంచి కాగితం మొత్తం ఇలాగే పోగొట్టుకున్నాను. దాని మీద ఇప్పుడు కిరాణా జాబితాలు రాస్తున్నాం.

– కాగితాన్ని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో, మందుల సీసాలలోనూ చెప్పుల పెట్టెల్లోనూ వచ్చే సిలికా పొట్లాలతో కలిపి ఉంచండి
– ఒకేసారి ఏడాదికి సరిపడా కొనవద్దు, మూడు నెలలకు కొనండి
– రంగులు తడిగా ఉండగా ప్యాలెట్ మూత వేయవద్దు, బూజు పడుతుంది. రాత్రంతా ఫ్యాను కింద ఆరనివ్వండి
– కుంచెలు నీళ్ళ డబ్బాలో నిలబెట్టి వదిలేయవద్దు. కడిగి, మొన సరిచేసి, పడుకోబెట్టి ఆరబెట్టండి

3. మొదటి రెండు వారాలు: నీళ్ళు

బొమ్మలు వద్దు. పూతలే. విసుగ్గానే ఉంటుంది, తెలుసు. ఈ దశ దాటేసినవారు ఆరు నెలల తరవాత మళ్ళీ ఇక్కడికే రావడం కూడా తెలుసు.

ముందుగా నాలుగు చిక్కదనాలు గుర్తుపెట్టుకోండి: చారు, పాలు, మజ్జిగ, పెరుగు. చారులా కలిపిన రంగు పళ్ళెంలో నీళ్ళలాగే పారుతుంది. పాలలాంటిది పారుతుంది కానీ అడుగున తెలుపు సగమే కనిపిస్తుంది. మజ్జిగ అంటే చిలికిన చిక్కటి మజ్జిగ, పళ్ళెం వంచితే తీరిగ్గా కదులుతుంది. పెరుగు కదలదు. ఇక మీదట ఏ రంగు అన్నది కాకుండా, ఏ చిక్కదనంలో అన్నది ముందు ఆలోచించండి.

*సమపూత.* అట్టకు వెనక ఒక పుస్తకం పెట్టి కొంచెం వాలుగా ఉంచండి. అల్ట్రామెరైన్‌ను పాల చిక్కదనంలో కావలసిన దానికి రెట్టింపు కలుపుకోండి. మధ్యలో అయిపోతే అదే ఛాయ మళ్ళీ కుదరదు. పలక కుంచె నిండా ముంచి, పైన ఎడమ నుంచి కుడికి ఒకే గీత. దాని కింది అంచున రంగునీళ్ళు వరుసగా బొట్టుకట్టి నిలవాలి. నిలవకపోతే కుంచెలో నీరు చాలలేదు. మళ్ళీ ముంచి, ఆ బొట్టును తాకుతూ రెండో గీత. అలా కిందికి దించుకుంటూ రండి. చివర మిగిలిన బొట్టును పిండిన కుంచెతో పీల్చేయండి. వెనక్కి వెళ్ళి సర్దవద్దు. ఇలా పది గళ్ళు వేస్తే ఏడోదో ఎనిమిదోదో నున్నగా వస్తుంది.

*జారుపూత.* ఇదే పని, కానీ ప్రతి గీతకూ రంగులో కొంచెం నీళ్ళు చేర్చాలి. పైన ముదురుగా మొదలై కింద దాదాపు కాగితం రంగులో కలిసిపోవాలి. ఆకాశం అంటే ఇదే, ఇంకేమీ లేదు.

*తడి మీద తడి.* మొత్తం విద్యలో కష్టమైనది ఇది. తడిసిన కాగితం నాలుగు దశలు దాటుతుంది. మొదట నీళ్ళు నిలిచి అద్దంలా మెరుస్తుంది. అప్పుడు వేసిన రంగు ఎటు పోతుందో చెప్పలేం. తరవాత పట్టుబట్ట మెరుపు. రంగు మెత్తగా పరుచుకుంటుంది, అంచులు కరిగిపోతాయి. మబ్బులకు ఇదే సమయం. మూడో దశలో మెరుపు పోయి మసకగా ఉంటుంది కానీ తాకితే చల్లగా ఉంటుంది. ప్రమాదం ఇక్కడే. చివరిది పూర్తి పొడి.

పెనం మీద దోసె పోసేవారికి ఈ కనిపెట్టడం కొత్త కాదు. పైన తడి మెరుపు పోయే క్షణం కోసం చూస్తారు కదా, అదే చూపు ఇక్కడ కావాలి. కాగితాన్ని పైనుంచి చూడకండి. కళ్ళను కాగితం మట్టానికి దించి, కిటికీ వెలుతురు దాని మీద ఎలా పడుతోందో చూడండి.

ఒక్క నియమం: తడిగా ఉన్న పూత మీద వేసే రంగు, కింద ఉన్నదానికన్నా చిక్కగా ఉండాలి. చారు మీద మజ్జిగ వేయవచ్చు. మజ్జిగ మీద చారు వేస్తే నీళ్ళు రంగును పక్కకు తోసి గోబీపువ్వు ఆకారంలో మచ్చ కడతాయి.

రెండు వారాల చివర ఇవి చేయగలగాలి:

– అరచేయంత గడిలో గీతలు కనిపించని సమపూత
– ముదురు నుంచి కాగితం దాకా జారుపూత
– పట్టు మెరుపు దశలో వేసిన ఒక మబ్బు
– ఆరిన పూత నుంచి తడి కుంచెతో రంగు ఎత్తి, గుడ్డతో అద్ది చేసిన ఒక తెల్లటి చార

4. మూడు, నాలుగు వారాలు: ఒకే రంగుతో వెలుగునీడలు

అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిపితే చక్కటి బూడిదరంగు వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లగా, సియెన్నా ఎక్కువైతే వెచ్చగా ఉంటుంది. ఈ రెండు వారాలూ ఇదొక్కటే.

ఐదు గళ్ళ పట్టీ గీయండి. మొదటిది వట్టి కాగితం, ఐదోది మీరు చేయగలిగినంత ముదురు. మధ్య మూడూ సమానంగా మెట్లు దిగాలి. దాదాపు అందరికీ మొదటిసారి మూడో గడి మరీ పలచగా వస్తుంది, ఎందుకంటే నీటిరంగు ఆరాక ఒక మెట్టు తేలికవుతుంది. తడిగా ఉన్నప్పుడు "అమ్మో, ఎక్కువైంది" అనిపించేదే ఆరాక సరిపోతుంది.

తరవాత ఒక కోడిగుడ్డు, తెల్లగుడ్డ, ఒకే వైపు కిటికీ. కళ్ళు సగం మూసి చూడండి. చిన్న వివరాలు పోయి మూడు ముక్కలే మిగులుతాయి: వెలుగు, నడిమి ఛాయ, నీడ. ఆ మూడే వేయండి. గుడ్డు అడుగుభాగం నీడలో ఉన్నా, పూర్తిగా నల్లగా ఉండదు. కిందనున్న తెల్లగుడ్డ నుంచి వెలుగు తిరిగి పడుతుంది. దాన్ని చూడగలిగిన రోజు మీ కన్ను మారినట్టు.

గుడ్డు నాలుగుసార్లు వేశాక వంకాయకు వెళ్ళండి. పూర్ణా మార్కెట్‌లో నిగనిగలాడే నల్లవంకాయ ఒకటి ఏరుకోండి. దాని మీద మెరుపుచుక్క వట్టి కాగితం, పక్కనే అతి ముదురు నీడ. ఆ మెరుపును ముందే వదలాలి. తరవాత తెచ్చిపెట్టలేం. అభ్యాసం అయ్యాక కూర చేసుకోవచ్చు, గుడ్డుతో కూడా అదే సౌకర్యం.

5. గీత: తక్కువే, కానీ సరైనది

నీటిరంగుల బొమ్మ కింద పెన్సిల్ గీతలు పది దాటితే ఎక్కువ. అయితే ఆ పదీ సరిగా ఉండాలి.

చేయి పూర్తిగా చాచి పెన్సిల్ నిలువుగా పట్టుకోండి. ఒక కన్ను మూసి, కొండ ఎత్తును పెన్సిల్ మీద బొటనవేలితో కొలవండి. అదే కొలతతో కొండ పొడవు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి. మొదటిసారి కొలిచినవారంతా ఆశ్చర్యపోతారు. మన మనసులో ఉన్న కొండ నిటారుగా ఉంటుంది, కంటికి కనిపించేది బాగా చదునుగా, పొడుగ్గా ఉంటుంది.

సముద్రం అంచుగీత, అంటే నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత, స్కేలు పెట్టినట్టు అడ్డంగా ఉండాలి. ఇక్కడ చేతి అంచనా పనికిరాదు, కాగితం పైఅంచు నుంచి రెండు వైపులా కొలిచి చుక్కలు పెట్టుకోండి. కొలవకుండా వేసిన నా బొమ్మ ఒకటి చూసి, బీచ్‌లో పల్లీలమ్మే ఆవిడ, "బాబూ, సముద్రం ఒలికిపోతున్నట్టుందే?" అంది. అంతకన్నా మంచి విమర్శ నాకు ఇంతవరకు ఎవరూ చేయలేదు. ఆ గీత ఎప్పుడూ మీ కంటి ఎత్తులోనే ఉంటుంది. ఇసుక మీద కూర్చుంటే దించండి, రోడ్డు పక్క గోడ మీద కూర్చుంటే పెంచండి. కాగితం సరిగ్గా నడుమ మాత్రం పెట్టవద్దు.

పడవ గీయాలంటే ముందుగా అడ్డంగా సాగదీసిన ఎనిమిది అంకె వేయండి. పడవ పైఅంచుల వంపు అందులోనే దొరుకుతుంది. దాని కింద అడుగుభాగం కలిపితే చాలు.

6. రంగులు కలపడం: పేర్లు మర్చిపోండి

సముద్రం అనగానే నీలం, ఆకు అనగానే ఆకుపచ్చ, ఇసుక అనగానే పసుపు. మనం రంగును చూడం, పేరును వేస్తాం. ఒక ఆదివారం నా పక్కన నిలబడి చూస్తున్న ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు, "అంకుల్, సముద్రం నీలంగా లేదు కదా, మరి మీరెందుకు నీలం వేస్తున్నారు?" అని అడిగాడు. చూస్తే నిజమే. ఆ రోజు మబ్బు పట్టి నీళ్ళు సీసం రంగులో ఉన్నాయి, ఒడ్డు దగ్గర ఇసుక కలిసి మట్టిపచ్చగా ఉన్నాయి.

ఆరు రంగుల్లో రెండేసి కలుపుతూ పదిహేను గళ్ళ పట్టిక ఒకటి వేసి గోడకు అంటించుకోండి. ఒక మధ్యాహ్నం పని. మన ఊరికి పనికొచ్చే కలయికలు కొన్ని:

– దూరపు కొండ: అల్ట్రామెరైన్ ఎక్కువ, బర్న్ట్ సియెన్నా తక్కువ, ఒక చుక్క క్రిమ్సన్, చారుకూ పాలకూ మధ్య
– ఒడ్డు దగ్గరి నీళ్ళు: థాలో నీలం అతి కొద్దిగా, దానికి సియెన్నా, వెచ్చటి పసుపు
– తడి ఇసుక: సియెన్నా, కొంచెం అల్ట్రామెరైన్, పొడి ఇసుకకు అదే మిశ్రమం, బాగా పలచగా
– కొబ్బరాకు: లెమన్ ఎల్లో, అల్ట్రామెరైన్, చివర ఒక్క చుక్క సియెన్నా. ఆ చుక్క లేకపోతే ప్లాస్టిక్ ఆకులా ఉంటుంది
– భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు: ముందు పలచటి వెచ్చని పసుపు, ఆరాక సియెన్నాలో క్రిమ్సన్ కలిపి, నీడల్లోకి అల్ట్రామెరైన్

థాలో నీలంతో జాగ్రత్త. బియ్యపుగింజంత తీసినా పళ్ళెం మొత్తం ఆక్రమిస్తుంది. లేతరంగులోకి ముదురురంగును కొద్దికొద్దిగా చేర్చాలి, తారుమారు చేస్తే ట్యూబు సగం ఖాళీ అవుతుంది.

ఇక బురద గురించి. మూడు రంగులు దాటి కలిపితే బురద. పసుపు, ఎరుపు, నీలం సమానంగా కలిపినా బురదే. అయితే అసలు బురద పళ్ళెంలో కన్నా కాగితం మీదే ఎక్కువ తయారవుతుంది: సగం ఆరిన పూతను కుంచెతో మళ్ళీ మళ్ళీ రుద్దినప్పుడు.

7. కొండ బొమ్మ, మొదటినుంచి చివరిదాకా

ఐదో వారం బయటికి వెళ్ళండి. పొద్దున్నే వెళ్ళండి. ఎండ ఎక్కేకొద్దీ సముద్రం మీది గాలి జోరందుకుంటుంది. కాగితం ఎగురుతుంది, రంగులో ఇసుక పడుతుంది. ఉదయపు సూర్యుడు సముద్రం వైపు నుంచి కొండ మీద పడతాడు కాబట్టి బండల మడతలు, నీడలు కనిపిస్తాయి. డిసెంబరు సాయంత్రం ఇదే కొండ వెనకభాగంగా పొద్దు వాలుతుంది, అప్పుడు మడతలేమీ లేని ఒకే ముదురు ఆకారం. నిజానికి కొత్తవారికి ఆ సాయంత్రమే సులువు. కాకపోతే ఐదున్నర ప్రాంతంలోనే సూర్యాస్తమయం, కాబట్టి నాలుగుంబావుకే కూర్చోవాలి.

సంచిలో: అట్టకు నాలుగు వైపులా టేపుతో అంటించిన కాగితం, ఇంటి నుంచి తెచ్చిన లీటరు నీళ్ళు, టోపీ, బట్టల క్లిప్పులు రెండు. నీళ్ళు మర్చిపోతే సముద్రపు నీళ్ళతో వేయవద్దు. నేను వేశాను. ఉప్పు గాలిలోని తేమను పీలుస్తూనే ఉంటుంది, ఆ బొమ్మ వారం తరవాత కూడా వేలికి అంటుకుంది.

రేవు, నౌకాదళం పరిసరాల్లో ఫొటోలు తీయరాదన్న బోర్డులు ఉంటాయి. అలాంటిచోట స్కెచ్ పుస్తకం కూడా తీయకపోవడం మంచిది. బీచ్ నుంచి వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

(1) *ఐదు నిమిషాలు చిన్న బొమ్మ.* అగ్గిపెట్టెంత గడిలో పెన్సిల్‌తో మూడు ఛాయలు మాత్రమే. ఆకాశం, ఇసుక తేలిక, సముద్రం నడిమి, కొండ ముదురు. ఇది నచ్చకపోతే కాగితం ముట్టుకోకండి, ఇంకో గడి వేయండి.

(2) *మూడు గీతలు.* సముద్రం అంచు, కొండ ఆకారం, ఇసుక అంచు. అంతే.

(3) *మొదటి పూత.* ఆకాశం పైన చారులా పలచటి అల్ట్రామెరైన్‌తో మొదలుపెట్టి, కిందికి దిగేకొద్దీ వెచ్చటి పసుపు చుక్క కలుపుతూ జారుపూతగా ఇసుక దాకా ఆపకుండా దించండి. కొండ ఉన్నచోట కూడా వేసేయండి. నురుగు ఉన్న సన్నటి పట్టీ మాత్రం వదిలేయండి.

(4) *ఆగండి.* ఈ మెట్టుకు ప్రత్యేకంగా అంకె ఇవ్వడానికి కారణముంది. అందరూ తప్పేది ఇక్కడే. లేచి టీ తాగి రండి. మురీ మిక్చర్ తింటే చేతులు కడుక్కోండి, కాగితం మీద నూనె వేలిముద్ర పడితే అక్కడ రంగు పట్టదు.

(5) *కొండ, ఒకే ఆకారంగా.* పాల చిక్కదనంలో నీలిబూడిద. పైఅంచు గట్టిగా, స్పష్టంగా. కిందికి వచ్చాక, తడి ఆరకముందే శుభ్రమైన తడికుంచెతో అడుగంచును ఒక్కసారి తాకండి. పాదం పొగమంచులో కరిగినట్టు సముద్రంలో కలుస్తుంది. పట్టు మెరుపు దశలో కొండ ఒళ్ళో రెండుమూడు చోట్ల మజ్జిగ చిక్కదనపు ముదురు రంగు చుక్కలు వదలండి, అవే లోయలవుతాయి. చెట్లు వేయవద్దు. అంత దూరం నుంచి మీకు చెట్లు కనిపించడం లేదు, ఉన్నాయని తెలుసు, అంతే.

(6) *సముద్రం.* పలక కుంచెతో అడ్డ గీతలు, అంచు దగ్గర ముదురు, ఒడ్డుకు వచ్చేకొద్దీ పలచన. మెరుపు కోసం కుంచెను గుడ్డకు అద్ది, దాదాపు పొడిగా, కాగితం గరుకు మీద తేలిగ్గా జార్చండి. మధ్యమధ్య తెల్లచుక్కలు మిగులుతాయి.

(7) *ముదురు చుక్కలు.* మొత్తం ఆరిపోయాక ఒక పడవ, ఇద్దరు మనుషులు, నాలుగు రాళ్ళు. పెరుగు చిక్కదనం, 4 నంబరు కుంచె. మనిషంటే ఒక చుక్క, కింద ఒక సన్నటి ముక్కోణం. కళ్ళూ ముక్కూ వద్దు.

(8) కుంచె కింద పెట్టి పది అడుగులు వెనక్కి నడవండి. "ఇంకొంచెం" అనిపిస్తే ఇంటికి తీసుకెళ్ళి, మర్నాడు చూసి నిర్ణయించండి.

చుట్టూ జనం మూగుతారు. ఆదివారమైతే కురుసుర జలాంతర్గామి చూడటానికి వచ్చినవారు కూడా మీ వెనక చేరతారు. మొదటి రెండుసార్లు చేయి వణుకుతుంది. వీపు గోడకు ఆనేలా కూర్చుంటే సమస్య సగం తీరుతుంది.

8. తప్పులు, మరమ్మతులు

*గోబీపువ్వు మచ్చ పడింది.* తడిగా ఉండగా ముట్టుకోవద్దు. పూర్తిగా ఆరాక తడి కుంచెతో దాని అంచును మెల్లగా రుద్ది గుడ్డతో అద్దండి. ఆకాశంలో పడితే మబ్బుగా మార్చేయండి.

*బొమ్మ వెలిసినట్టుంది.* ఇది కొత్తవారందరి జబ్బు. ఐదు గళ్ళ పట్టీని పక్కన పెట్టి చూడండి. నాలుగు, ఐదు మెట్లు బొమ్మలో ఎక్కడా లేవని తేలుతుంది. ఆరిన బొమ్మ మీద ముదురు ఛాయ ఇంకో పూత ధైర్యంగా వేయండి.

*కొండ కోసి అంటించినట్టుంది.* చుట్టూ అంచు గట్టిగా ఉంది. అడుగంచును తడి కుంచెతో మెత్తబరచండి. థాలో నీలం వాడి ఉంటే అది కాగితాన్ని పట్టేస్తుంది, సరిగా ఎత్తలేరు. అల్ట్రామెరైన్ అయితే వదులుతుంది.

*పూతలో చారలు.* కుంచెలో నీరు తక్కువ, లేదా వెనక్కి వెళ్ళి సర్దారు. సరిచేయలేం. రెండో పూతతో కప్పవచ్చు.

*ముదురు మచ్చలు వాటంతటవే.* కాగితం జిగురు చెడింది. ఆ కట్టను కసరత్తులకు, జాబితాలకు వదిలేయండి.

*టేపుతో పాటు కాగితం చిరిగింది.* తడి ఆరకముందే లాగారు. ఆరాక, టేపును బయటివైపుకు వాలుగా లాగండి.

9. లెక్క రాసుకోవడం, కొండ మార్చడం

ప్రతి బొమ్మ వెనక పెన్సిల్‌తో తేదీ, సమయం, ఏ రంగులు వాడారు, ఏది చెడింది అన్నవి రాయండి. "కొండ 7, జనవరి, ఉదయం 7, పాదం గట్టిగా వచ్చింది, తొందరపడ్డాను." ఎనిమిదో కొండలో ఆ ఒక్కటే సరిచేయండి, మిగతావి ఎలా వస్తే అలా రానివ్వండి. ఒకేసారి అన్నీ సరిచేయాలనుకుంటే ఏదీ కాదు. బాగా చెడినవి కూడా పారేయవద్దు; వాటి వెనక వైపు పూతల కసరత్తుకు పనికొస్తుంది.

నెలకోసారి మంచి బొమ్మలను అసలువి చూడండి. ఫోనులో చూసేది పూత ఎంత పలచనో చెప్పదు. రాజమండ్రి వెళ్ళే పని పడితే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో ఒక గంట గడపండి. ఒకే బొమ్మ ముందు నిలబడి అంచులు మాత్రమే చూడండి: ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ కరిగింది.

ముప్పై కొండలు వేసినా, పన్నెండే వేసినా, వస్తువు మార్చడానికి నేను పెట్టుకున్న గుర్తు ఒకటే: కొండకు వీపు తిప్పి కూర్చుని, ఆ ఉదయం చూసిన వెలుతురును పదిహేను నిమిషాల్లో మూడు ఛాయల్లో వేయగలగాలి. అది కుదిరిన వారం చేపల రేవుకు వెళ్ళండి. అక్కడ మరపడవలు పక్కపక్కనే ఒరుసుకుని ఉంటాయి, తాళ్ళు, జెండాలు, వలల గుట్టలు, అరుపులు. వెళ్ళిన మొదటి రోజు రంగులు ఇంట్లోనే వదిలేసి పెన్సిల్ ఒక్కటే పట్టుకెళ్ళండి. ఒక్క పడవనే ఎంచుకోండి. చెప్పులు మాత్రం తడిసినా ఫరవాలేదనుకునేవి వేసుకోండి.